రిపోర్టులో తొమ్మిది చోట్ల గుర్తులు పడితే తొమ్మిది జబ్బులు ఉన్నట్టేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న విధం ఇది. 52 ఏళ్ల మీ అమ్మగారు పెద్దగా ఇబ్బందులేమీ లేకుండానే సాధారణ ఆరోగ్య పరీక్షలు చేయించుకున్నారు. అరవై దాకా అంశాలున్న ఆ రిపోర్టులో తొమ్మిదింటి పక్కన ‘ఎక్కువ’ లేదా ‘తక్కువ’ అన్న గుర్తు ఉంది. హిమోగ్లోబిన్ 11.4, ఎంసీవీ 76, ఆర్‌డీడబ్ల్యూ 16.8, ప్లేట్‌లెట్లు 1.18 లక్షలు, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) 46 శాతం, పొటాషియం 5.4, ఎస్‌జీఓటీ (కాలేయ పరీక్షల్లో చూసే ఒక ఎంజైమ్) 46, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 5.8, హెచ్‌బీఏ1సీ (షుగరు సగటు) 5.9. ఇంట్లో ఒకసారి చూసినప్పుడు రక్తపోటు 138/86, నాడి 58 ఉన్నాయి. డాక్టరుగారిని కలవడానికి ఇంకా వారం ఉంది, ఈలోపు భయపడాలా అని అడిగారు.

నేరుగా చెప్పాలంటే, ఇవి తొమ్మిది జబ్బులు కావు. ఈ అంకెల్లో ఈ రాత్రికి ఆసుపత్రికి పరుగెత్తాల్సినది కూడా ఏదీ లేదు. అయితే రెండు పనులు మాత్రం తప్పనిసరి. పొటాషియం పరీక్షను వారం ఆగకుండా ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ చేయించాలి. హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గిందో కారణం తేల్చాలి. ఐరన్ మాత్రలు కొని వేసుకుని ఊరుకోకూడదు. మిగిలినవాటిని నిదానంగా చూసుకోవచ్చు. ఆమెకు మూత్రపిండాల జబ్బు ఉన్నా, రక్తపోటుకు రామిప్రిల్, టెల్మిసార్టన్, స్పైరనొలాక్టోన్ వంటి మందులు వాడుతున్నా, కండరాల నీరసం గాని గుండెదడ గాని ఉన్నా పొటాషియం సంగతి ఈ రోజే డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే ఆ మందులు పొటాషియాన్ని పెంచగలవు.

నేను ల్యాబ్ వైద్యంలో పనిచేస్తూ చాలా కాలంగా ఇలాంటి రిపోర్టుల మీద సంతకం చేస్తున్న డాక్టరును. మీ అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి నేను చెప్పేది ఆమెను పరీక్షించబోయే డాక్టరు మాటకు ప్రత్యామ్నాయం కాదు. కానీ రిపోర్టును ఎలా చదవాలో తెలిస్తే ఈ వారం కాస్త కుదురుగా గడుస్తుంది.

మొదట ఆ గుర్తులు ఎలా పడతాయో చూడండి. అంకె పక్కన అచ్చువేసే ‘సాధారణ పరిధి’ని చాలా పరీక్షలకు ఒకే పద్ధతిలో నిర్ణయిస్తారు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తాన్ని పరీక్షించి, వచ్చిన ఫలితాల్లో మధ్యలోని 95 శాతాన్ని పరిధిగా తీసుకుంటారు. అంటే పూర్తి ఆరోగ్యంతో ఉన్నవారిలో కూడా ప్రతి వందమందిలో ఐదుగురు ఒక్కో పరీక్షలో ఆ గీత బయటే ఉంటారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ జబ్బూ లేని మనిషికి కనీసం ఒక గుర్తయినా పడే అవకాశం సుమారు 64 శాతం. అరవై అంశాలు చూస్తే సగటున మూడు గుర్తులు ఊరికే పడతాయి. అందువల్ల గుర్తు ఉందా లేదా అన్నదానికంటే ఆ అంకె గీతకు ఎంత దూరంలో ఉంది, పాత రిపోర్టుతో పోలిస్తే ఎటు కదిలింది, దాని తోటి అంకెలు ఏం చెబుతున్నాయి అన్నవి ముఖ్యం.

షుగరు, కొలెస్ట్రాల్ మాత్రం ఈ లెక్కలోకి రావు. వాటి గీతలు ఆరోగ్యవంతుల సగటును బట్టి గీసినవి కావు, ఏ స్థాయి దాటితే హాని పెరుగుతుందో చూసి నిర్ణయించినవి. పరగడుపున గ్లూకోజు 100 లోపు ఉంటే సాధారణం, 100 నుంచి 125 వరకు మధుమేహానికి ముందు దశ, 126 లేదా ఆపైన మధుమేహం. హెచ్‌బీఏ1సీకి ఇవే దశలు 5.7 లోపు, 5.7 నుంచి 6.4, 6.5 ఆపైన. లక్షణాలు లేనివారిలో ఒక్క ఫలితంతో మధుమేహం అని ముద్ర వేయరు, రెండో ఫలితంతో నిర్ధారిస్తారు.

ఇక మీ అమ్మగారి అంకెలను విడివిడిగా కాకుండా కలిపి చదువుదాం. నేను రిపోర్టు చేతిలోకి తీసుకున్నప్పుడు చేసే పని కూడా ఇదే.

హిమోగ్లోబిన్, ఎంసీవీ, ఆర్‌డీడబ్ల్యూ మూడూ ఒకే కథలోని భాగాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం గర్భవతి కాని స్త్రీలో డెసిలీటరుకు 12 గ్రాముల కంటే, పురుషుల్లో 13 గ్రాముల కంటే హిమోగ్లోబిన్ తక్కువైతే రక్తహీనత. 11.4 అంటే స్వల్ప రక్తహీనతే. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు పరిమాణం, సాధారణంగా 80 నుంచి 100 వరకు ఉంటుంది; 76 అంటే కణాలు చిన్నబోయాయి. ఆర్‌డీడబ్ల్యూ కణాల పరిమాణాల్లోని తేడాను చెబుతుంది, సుమారు 14.5 దాటితే చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయని అర్థం. ఈ మూడింటి కలయిక ముందుగా ఐరన్ లోపాన్ని సూచిస్తుంది. పుట్టుకతో వచ్చే తలసీమియా వాహక స్థితిలో కూడా కణాలు చిన్నవిగానే ఉంటాయి, కానీ అందులో ఎర్రకణాల సంఖ్య సాధారణంగా ఎక్కువగా ఉంటుంది, ఆర్‌డీడబ్ల్యూ అంతగా పెరగదు. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో భాగిస్తే ఒక స్థూలమైన సూచన దొరుకుతుంది. మీరు ఎర్రకణాలు 4.4 మిలియన్లు అని రాశారు కాబట్టి 76ను 4.4తో భాగిస్తే 17 వస్తుంది. 13 కంటే తక్కువైతే తలసీమియా వైపు, ఎక్కువైతే ఐరన్ లోపం వైపు మొగ్గుతాం. ఇది సూచనే తప్ప నిర్ధారణ కాదు. నిర్ధారణకు ఫెరిటిన్ పరీక్ష చేయించాలి. ఫెరిటిన్ 30 కంటే తక్కువైతే ఐరన్ నిల్వలు తరిగినట్టే, 15 కంటే తక్కువైతే ఇక సందేహం ఉండదు.

నేను ఎక్కువగా పట్టించుకునే విషయం ఇక్కడే ఉంది. ఐరన్ లోపం అంతటితో ముగిసే నిర్ధారణ కాదు, దాని వెనుక ఒక కారణం ఉంటుంది. నెలసరి ఇంకా అధికంగా అవుతుంటే అది కారణం కావచ్చు. నెలసరి ఆగిపోయిన స్త్రీలోనూ, ఏ వయసు పురుషుడిలోనూ అయితే కడుపులోనో పేగుల్లోనో రక్తం కొద్దికొద్దిగా పోతోందేమో తప్పనిసరిగా చూడాలి. నొప్పి మాత్రలు ఎక్కువకాలం వాడడం వల్ల పుండు పడి ఉండవచ్చు, పేగులో పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న బుడిపె) గాని గడ్డ గాని ఉండవచ్చు, ఐరన్‌ను పీల్చుకోలేని జబ్బు ఉండవచ్చు. మాత్రలు వేసుకుంటే హిమోగ్లోబిన్ పెరుగుతుంది, కారణం మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది. కాబట్టి నెలసరి వివరాలు, మలం నల్లగా వస్తోందా, ఏ నొప్పి మాత్రలు వాడుతున్నారు అన్నవి కాగితం మీద రాసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 5.9 చూడండి. ఇది ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత గ్లూకోజు అంటుకుందో కొలుస్తుంది. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి గత రెండు మూడు నెలల షుగరు సగటు ఇందులో కనిపిస్తుంది. ఐరన్ లోపంలో ఈ అంకె నిజంగా ఉండాల్సిన దానికంటే కొంత ఎక్కువగా కనబడవచ్చు. మరోవైపు ఎర్రకణాలు త్వరగా నశించే జబ్బుల్లోనూ, ఇటీవల రక్తస్రావమైనా రక్తం ఎక్కించినా తక్కువగా కనబడుతుంది. పరగడుపు గ్లూకోజు 94 అని మీరే రాశారు. కాబట్టి ఈ 5.9ని మధుమేహం ముందు దశగా ఇప్పుడే ఖాయం చేయకుండా, ఐరన్ లోపం సరిచేశాక మళ్లీ చూడడం న్యాయం. ఒక చిన్న జాగ్రత్త: గ్లూకోజు కోసం తీసిన రక్తాన్ని సరైన ట్యూబులో వేసి త్వరగా వేరుచేయకపోతే కణాలు ఆ గ్లూకోజును వాడేసుకుంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం దాకా తగ్గిపోతుంది. శాంపిల్‌ను ఇంటి దగ్గర తీసి గంటల తరబడి తిప్పిన సందర్భంలో ఇది గుర్తుంచుకోవాలి.

పొటాషియం, ఎస్‌జీఓటీ కలిసి పెరిగినప్పుడు నాకు మొదట వచ్చే అనుమానం మనిషి ఒంటి గురించి కాదు, రక్తం తీసిన ట్యూబు గురించి. పొటాషియం సాధారణంగా 3.5 నుంచి 5 వరకు ఉంటుంది. ఎర్రకణాల లోపల పొటాషియం బయటి ద్రవంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సన్నని సూదితో బలంగా లాగినా, ట్యూబును గట్టిగా ఊపినా కొన్ని కణాలు పగిలి లోపలిదంతా సీరంలో కలుస్తుంది. పొటాషియంతో పాటు ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ అనే మరో ఎంజైమ్ కూడా పెరుగుతాయి. చేతికి పట్టీ ఎక్కువసేపు కట్టి ఉంచి పిడికిలి పదేపదే బిగించమన్నా పొటాషియం పెరుగుతుంది. రిపోర్టు అడుగున ‘శాంపిల్‌లో హిమోలిసిస్ ఉంది’, అంటే ఎర్రకణాలు పగిలాయి, అనే మాట ఏమైనా ఉందేమో చూడండి. కాలేయానికే చెందిన మరో ఎంజైమ్ ఎస్‌జీపీటీ 24 అని మీరు అన్నారు. కాలేయం దెబ్బతిన్నప్పుడు సాధారణంగా ఎస్‌జీపీటీ కూడా పెరుగుతుంది. ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగితే కండరాలు, ఎర్రకణాలు కూడా కారణం కావచ్చు. ముందు రోజు అలవాటు లేని బరువుపని చేసినా పెరుగుతుంది. అయినా పొటాషియాన్ని ఊహ మీద వదిలేయకూడదు. నిజంగానే పెరిగి ఉంటే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది కాబట్టి, పిడికిలి బిగించకుండా రక్తం ఇచ్చి, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో కలిపి మళ్లీ పరీక్ష చేయించండి.

ప్లేట్‌లెట్లు సాధారణంగా 1.5 నుంచి 4.5 లక్షలు. కొందరి రక్తంలో, గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ అనే పదార్థం వల్లే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. యంత్రం ఒక్కో గుంపును లెక్కలోకి తీసుకోలేక సంఖ్యను తక్కువగా చూపిస్తుంది. ఒకసారి 38 వేలు అన్న రిపోర్టు పట్టుకుని, ప్లేట్‌లెట్లు ఎక్కించాలేమో అన్న భయంతో ఒక యువకుడిని మా దగ్గరకు తీసుకొచ్చారు. ఒంటి మీద ఒక్క రక్తపు మచ్చ లేదు, చిగుళ్ల నుంచి రక్తం లేదు. గాజుపలక మీద రక్తాన్ని పల్చగా పూసి (దీన్నే స్మియర్ అంటాం) మైక్రోస్కోపులో చూస్తే నిండా గుంపులే. ఈడీటీఏకు బదులు సిట్రేట్ ఉన్న ట్యూబులో మళ్లీ తీస్తే 2.1 లక్షలు వచ్చాయి. మీ అమ్మగారి విషయంలో కూడా స్మియర్ చూసి చెప్పమని ల్యాబ్‌ను అడగండి. నిజంగానే 1.18 లక్షలు ఉన్నా ఆ సంఖ్యకు దానంతటదే రక్తస్రావం కాదు. అయితే జ్వరం ఉండి, ప్లేట్‌లెట్లు రోజురోజుకూ తగ్గుతుంటే సంగతి వేరు, అప్పుడు ఆలస్యం పనికిరాదు.

లింఫోసైట్లు 46 శాతం అన్నదాని గురించి నన్ను అడిగినంతగా బహుశా మరేదాని గురించీ అడగరు. ఇంటర్నెట్‌లో వెతికి రక్త క్యాన్సర్ అనుకుని నిద్ర మానుకున్నవారిని చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను: శాతాన్ని చూడకండి, సంఖ్యను చూడండి. తెల్లకణాలు మొత్తం 5,200 అయితే అందులో 46 శాతం అంటే సుమారు 2,400 లింఫోసైట్లు. పెద్దవారిలో 1,000 నుంచి 4,000 వరకు సాధారణమే. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు కాస్త తక్కువ వైపు ఉన్నాయి కాబట్టి వీటి వాటా పెద్దదిగా కనిపిస్తోంది, అంతే.

టీఎస్‌హెచ్ 5.8 స్వల్పంగానే ఎక్కువ. చాలా ల్యాబుల్లో పై గీత 4 నుంచి 4.5 దగ్గర ఉంటుంది. ఈ హార్మోను రోజులో వేళను బట్టి మారుతుంది, జబ్బు నుంచి కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరుగుతుంది. థైరాయిడ్ గ్రంథి హార్మోనైన ఫ్రీ టీ4తో కలిపి రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తే చాలామందిలో దానంతటదే దిగివస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబ్‌కు చెప్పాలి. కొన్ని యంత్రాల్లో అది థైరాయిడ్ ఫలితాలను తప్పుదోవ పట్టిస్తుంది.

గుర్తు పడని అంకెల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ప్రమాదం అక్కడే ఎక్కువగా దాక్కుంటుంది. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది కాబట్టి కండ తక్కువ ఉన్నవారిలో మూత్రపిండాలు దెబ్బతిన్నా అది పెద్దగా పెరగదు. క్రియాటినిన్ 1.1 అన్న ఒకే అంకెను 2021లో సవరించిన సూత్రంలో పెడితే, 25 ఏళ్ల యువకుడిలో వడపోత సామర్థ్యం సుమారు 95, 75 ఏళ్ల వృద్ధురాలిలో సుమారు 52 వస్తుంది. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా లెక్కిస్తాం. చాలా రిపోర్టుల్లో 1.1 పక్కన గుర్తే ఉండదు. అందుకే క్రియాటినిన్ పక్కన ఉండే ఈజీఎఫ్ఆర్‌ను, అంటే ఈ వడపోత సామర్థ్యాన్ని, తప్పక చదవండి. అలాగే ఒక పెద్దమనిషి హిమోగ్లోబిన్ ఏటా చేయించిన పరీక్షల్లో 15.6, తర్వాత 14.4, తర్వాత 13.2గా వచ్చింది. ఏ ఒక్కదాని పక్కనా గుర్తు లేదు. మూడు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూసి ఫెరిటిన్ చేయిస్తే బాగా తక్కువ వచ్చింది, తర్వాత పెద్దపేగులో రక్తం ఓడుతున్న పాలిప్ దొరికింది. పాత రిపోర్టులు పారేయకండి. మనిషికి తన పాత అంకె కంటే మంచి కొలబద్ద లేదు. అయితే వేర్వేరు ల్యాబుల అంకెలను పోల్చేటప్పుడు ప్రమాణాలు ఒకటేనా అని చూడండి. మిల్లీమోల్స్‌లో ఇచ్చిన గ్లూకోజును 18తో గుణిస్తే మిల్లీగ్రాముల లెక్క వస్తుంది.

ఇక రక్తపోటు, నాడి. 138/86 అన్న ఒక్క కొలతతో ఏ నిర్ణయానికీ రాలేం. 120/80 లోపు సాధారణం. ఎక్కడి నుంచి అధిక రక్తపోటు అనాలన్న విషయంలో 2017 నాటి అమెరికా మార్గదర్శకాలు 130/80 అంటే, యూరప్ మార్గదర్శకాలు 140/90 దగ్గరే గీత గీశాయి. ఇంట్లో కొలతలకైతే యూరప్ లెక్కలో సగటు 135/85. మీ అమ్మగారి అంకె సరిగ్గా ఈ గీతల నడుమ ఉంది కాబట్టి కొలిచే పద్ధతి మీదే తీర్పు ఆధారపడుతుంది. కొలవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, వ్యాయామం, పొగతాగడం వద్దు. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి; 10 సెంటీమీటర్లు కిందికి వేలాడితే రీడింగు సుమారు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా ఎక్కువే చూపిస్తుంది. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు ఏడు రోజులు కొలిచి, మొదటి రోజువి వదిలేసి మిగిలినవాటి సగటు తీయండి. డాక్టరుగారిని కలవడానికి ఉన్న ఈ వారం ఆ పనికి సరిగ్గా సరిపోతుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 60 నుంచి 100. రోజూ బాగా నడిచేవారిలో, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో 50లలో ఉండడం మామూలే. తలతిరగడం, స్పృహ తప్పడం లేకపోతే 58 గురించి చింత అక్కర్లేదు. థైరాయిడ్ మందగిస్తే నాడి కూడా నెమ్మదిస్తుంది కాబట్టి టీఎస్‌హెచ్ మాటతో పాటు ఇదీ డాక్టరుకు చెప్పండి.

ఉష్ణోగ్రత విషయంలో 37 డిగ్రీల సెల్సియస్, అంటే 98.6 ఫారెన్‌హీట్, అన్నది 1868లో వుండర్లిష్ అనే జర్మన్ వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన సగటు. 1992లో ఆరోగ్యవంతులను మళ్లీ కొలిచినప్పుడు నోటి ఉష్ణోగ్రత సగటు 36.8 వచ్చింది; తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండడం కూడా సహజం. సాయంత్రం 99 ఉంటే అది జ్వరం కాదు. ఆక్సిజన్ శాతం 95 ఆపైన ఉండాలి. వేళ్లు చల్లబడినా, గోళ్లకు రంగు ఉన్నా యంత్రం తప్పు చూపవచ్చు, చర్మం నల్లగా ఉన్నవారిలో అసలు కంటే కాస్త ఎక్కువగా చూపే ధోరణి కూడా ఉంది.

అందరూ నిర్లక్ష్యం చేసేది శ్వాస రేటు. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20. మనిషికి తెలియకుండా, ఛాతీ లేచి దిగడాన్ని ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. లెక్కిస్తున్నారని తెలిస్తే శ్వాస మారిపోతుంది. జ్వరం లేని, తెల్లకణాలు కూడా సాధారణంగానే ఉన్న ఒక వృద్ధుడికి న్యుమోనియా ఉందని మొదట చెప్పింది రక్తపరీక్ష కాదు, నిమిషానికి 30 సార్లు ఆడుతున్న ఆయన ఊపిరి. పిల్లలకు లెక్క వేరు. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 లేదా ఆపైన ఉంటే వేగంగా ఊపిరి తీస్తున్నట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

వారం ఆగకుండా వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు ఇవి. విశ్రాంతిలో శ్వాస 25 దాటడం, ఆక్సిజన్ 92 కంటే తగ్గడం, ఛాతీనొప్పి, మాట తడబడడం, మనిషి అయోమయంగా ఉండడం, స్పృహ తప్పడం, నల్లటి మలం. రక్తపోటు 180/120 దాటి వీటిలో ఏ లక్షణం ఉన్నా, పై అంకె 90 కంటే తగ్గి నీరసించినా ఆగవద్దు. అంకెల విషయానికొస్తే పొటాషియం 6 లేదా ఆపైన, సోడియం 120 కంటే తక్కువ, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువ, ప్లేట్‌లెట్లు 20 వేల కంటే తక్కువ, గ్లూకోజు 54 కంటే తక్కువ వస్తే, మనిషి బాగానే కనిపిస్తున్నా సరే, అదే రోజు డాక్టరు చూడాలి.

రేపో ఎల్లుండో పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ ఇచ్చేటప్పుడు అదే విడతలో ఫెరిటిన్, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), స్మియర్ కూడా అడగండి. ఒంట్లో వాపు ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి ఐరన్ లోపాన్ని దాచేస్తుంది. సీఆర్‌పీ పక్కన ఉంటేనే ఆ అంకెను నమ్మాలో లేదో తెలుస్తుంది. ఐరన్ మాత్రలు ఈ రక్తం ఇచ్చాకే మొదలుపెట్టించండి, అది కూడా డాక్టరుగారు చెప్పిన మోతాదులోనే.